స్లాబు బదుళ్ళు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మాట ఎవరన్నారో గాని, ప్రభుత్వ కాలనీలో ఇల్లు కట్టించి చూడు అని మూడో ముక్క కలపడం మరిచిపోయారు. ఆ మూడో ముక్కే నా ఉద్యోగం. గుడివాడలో మా ఇల్లు. రోజూ పొద్దున్నే బస్సెక్కి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళేదాన్ని. అక్కడ మండలాఫీసు వెనక గదిలో హౌసింగ్ ఇంజినీరుని నేను. ఇంజినీరంటే పెద్ద మాట. గదికి ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఎండాకాలం వచ్చేసరికి అలిగే ఒక ఫ్యాను ఉండేవి.

ఆ ఏడాది వరి కోతలు అయిపోయి మినుము మొలకెత్తే రోజుల్లో బందరు ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా సొంతంగా ఇల్లు కట్టుకోలేని వాళ్ళకి పైవాళ్ళే కాంట్రాక్టరును పెట్టి కట్టించేవారు. మా మండలంలో సముద్రం వైపున్న ఒక చిన్న కాలనీలో ఆ కాంట్రాక్టరు గోడలు లేపి, పైన ఆకాశం వదిలేసి, బిల్లులు రావడం లేదని వెళ్ళిపోయాడు. ఇకమీదట ఆ ఇళ్ళు పూర్తి చేయించే బాధ్యత పంచాయతీదీ మాదీ అని ఉత్తర్వు. సిమెంటు, ఇనుము కోటా ప్రకారం వస్తాయట. కూలి, సెంట్రింగు, కంకర కలిపే మిల్లరు, ఇసుక తోలకం వీటికి కావలసిన నిధులు మాత్రం 'స్థానికంగా సమకూర్చుకోవాలి' అని రాశారు.

పంచాయతీ కార్యదర్శి ఆ వాక్యం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"స్థానికంగా అంటే ఎక్కడండీ?" అని అడిగాడు పాపం. వీధిదీపాలు కాలిపోతే మార్చడానికే ఆయన ఎవరినో ఒకర్ని బతిమాలుకునే స్థితిలో ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు చేతులు దులుపుకుని, హుండీ కూడా పట్టుకుపోయి, వరాలు మీరే ఇచ్చుకోండని పూజారికి చెప్పినట్టుంది.

ఉత్తర్వు కింద ఇంకో మాట కూడా ఉంది. తొలకరికి కాలవలకు నీళ్ళు వదిలేలోగా స్లాబు పడని ఇళ్ళు రద్దవుతాయి. స్థలం వెనక్కి తీసుకుంటారు.

కాలనీ వాళ్ళందరూ అప్పటికి కాలవగట్టు మీద పాకల్లో ఉంటున్నారు. గట్టు బాగుచేయాలి గనక నీళ్ళు వచ్చేలోగా పాకలు తీసేయమని ఇరిగేషన్ వాళ్ళూ చెప్పేశారు. అంటే స్లాబు పడకపోతే ఇటు ఇల్లూ ఉండదు, అటు పాకా ఉండదు. ఈ సంగతి చెప్పడానికి నేనూ కార్యదర్శీ ఒక సాయంత్రం కాలనీకి వెళ్ళాం. పైకప్పు లేని ఒక ఇంట్లో అందరూ కూర్చున్నారు. గోడల మధ్య తుంగ మొలిచింది. ఉత్తర్వు చదివి, తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. తిట్టే హక్కు వాళ్ళకుంది. నాకైతే నన్ను నేనే తిట్టుకోవాలని ఉంది.

ఎవరూ తిట్టలేదు. నాట్ల ముఠాకు పెద్దగా ఉండే ఒకామె లేచింది. వరినాట్లకు, కలుపులకు ఆడవాళ్ళను జతచేసి తీసుకెళ్ళే మనిషి. ఆమె గొంతు రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది.

"అయితే మేడంగారూ, గట్టిగా మాట్టాడితే తక్కువైంది మనుషులేగా?"

"మనుషులూ, మిల్లరూ, సెంట్రింగూ..."

"ఆ మిల్లరుకీ సెంట్రింగు చెక్కకీ తలా కాస్త ఏసుకుంటాం లెండి. మనుషులకి బదుళ్ళు చేసుకుంటాం."

బదుళ్ళంటే నాకు తెలుసు. మా అమ్మ నాట్లకు వెళ్ళేది. సొంతంగా కాస్త పొలం ఉన్నవాళ్ళు కూలికి మనుషుల్ని పెట్టుకోలేక, ఈ రోజు నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు అని చేతులు మార్చుకునే పద్ధతి. అందులో డబ్బు ఉండదు. ఒక మనిషి వస్తే ఒక మనిషిని పంపాలి, అంతే. జ్వరమొస్తే కూతురినో తోడికోడలినో పంపుతారు గాని బదులు ఎగ్గొట్టరు. ఎగ్గొట్టిన ఇంటికి మళ్ళీ ఎవరూ అడుగుపెట్టరు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. స్లాబు అంటే పొద్దున మొదలుపెడితే అయిపోయేదాకా ఆపకూడని పని. నాటు వేరు, స్లాబు వేరు అన్నాను. "మీరు ఇంజినీరు, మీరలాగే అంటారు" అని ఆమె నవ్వింది. మిగిలినవాళ్ళు కూడా నవ్వారు. పంచాయతీ ట్రాక్టరును ఇసుకకు ఇస్తానని కార్యదర్శి అన్నాడు. ఆయనకు నోరు ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఎవరి ఇల్లు ముందు, ఎవరిది వెనక అన్నదానికి చీట్లు వేశారు. ఒంటరిగా ఉండే ఒక ముసలామెకు మొదటి వరసలోనే వంతు వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒకప్పుడు అదే ముఠాలో నాట్లకు వెళ్ళిన మనిషి, నడుం వంగిపోయింది. ఊరందరికీ మామ్మ. నాకు సంతోషమేసింది. గట్టు మీద అందరికంటే పాడుబడ్డ పాక ఆమెదే.

"నాకు ముందొద్దే. ఆఖర్న ఎయ్యండి" అంది మామ్మ.

"అదేంటి మామ్మా, చీటీ నీకొచ్చిందిగా!"

"కంకర గమేళా నేను మొయ్యలేను గదా. మీ అందరి స్లాబులకీ నీళ్ళు నేను పోస్తా. అందరియ్యీ అయ్యాక నాకెయ్యండి."

కొత్త స్లాబుకు రెండు వారాలైనా నీళ్ళు పట్టాలి. పైన బంకమట్టితో చిన్న గట్లు వేసి, మడులు కట్టి, నీళ్ళు నిలబెట్టాలి. ఆరితే బీటలిస్తుంది. పనికి పోయేవాళ్ళకు పగలంతా కనిపెట్టుకుని ఉండడం కుదరదు. ఆ పని నాది అంటుంది మామ్మ. బాగానే ఉంది గాని, ఆఖరి వంతు ఎందుకు? గడువు దాటిపోతే స్థలం పోతుందని నేను గట్టిగానే చెప్పాను.

"ముందే ఏయించుకున్నాననుకోండి మేడంగారూ, రేప్పొద్దున నేను పోతే? నా బదులు ఎవరు తీరుస్తారు? నాకు ముందూ ఎనకా ఎవరూ లేరు గదండీ. పడి పోవడం నాకిష్టం లేదు."

పడి పోవడమంటే ఋణపడి చచ్చిపోవడం. నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క అవకాశాన్నీ చేజేతులా వెనక్కి నెట్టుకునే ఈ మొండితనం ఏమిటని విసుక్కున్నాను. తతిమ్మా ఆడవాళ్ళు ఎవరైనా నచ్చజెబుతారని చూశాను. వాళ్ళు అప్పుడే ఇంకో చీటీ తీస్తున్నారు. వాళ్ళకు ఆమె మాట అర్థమైంది. నాకే అర్థం కాలేదు.

మొదటి స్లాబు రోజున నేను పొద్దున్నే వెళ్ళాను. ఏదో ఒకటి చెడుతుందని, చెడినప్పుడు దగ్గరుండాలని వెళ్ళాను. ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. ఆ పక్కింటి స్లాబు నాడు కొబ్బరికాయ ఉండదు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. రెండిళ్ళకీ మోసే చేతులు మాత్రం అవే. మిల్లరు తిరగడం మొదలైంది. దాని దగ్గర నుంచి కర్రలతో కట్టిన సరంజా మీదుగా పైదాకా ఆడవాళ్ళూ మగవాళ్ళూ వరసగా నిలబడ్డారు. గమేళా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తోంది. ఎవరూ తొందరపడటం లేదు, ఎవరూ ఆగడం లేదు. ఒకామె అలిసిపోతే పక్కామె మాట్లాడకుండా ఆమె చోటులోకి జరుగుతుంది. ఆమె వెళ్ళి మజ్జిగ తాగి వచ్చి చివర చేరుతుంది. ఇంతమందిలో గొడవ లేదు, మేస్త్రి కేక లేదు. ముఠా పెద్ద ఎవరినో మేనల్లుడి పెళ్ళి గురించి ఆటపట్టిస్తోంది. ఆ నవ్వు వరస పొడుగునా పాకి పైదాకా వెళ్ళింది. గమేళా మాత్రం ఎక్కడా ఆగలేదు.

నేను ఈ ఉద్యోగంలో చాలా స్లాబులు చూశాను. ఆ రోజు మాత్రం కొలతల పుస్తకం తెరవడమే మరిచిపోయాను. ఆఫీసులో నా బల్ల మీద ఉన్న ఉత్తర్వులో మనుషులు అన్న మాటే లేదు. ఇక్కడ మనుషులు తప్ప ఇంకేమీ లేదు.

పొద్దు వాలకముందే స్లాబు అయిపోయింది. మర్నాటి నుంచి మామ్మ బదులు మొదలైంది. ఆ నేలలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు పడితే స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. అందుకని మంచినీళ్ళు కాలవ నుంచి డ్రమ్ముల్లో తోలుకొచ్చేవాళ్ళు. వేసవిలో కాలవకు నీళ్ళు ఆపేశాక ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి తెచ్చుకోవడానికి కార్యదర్శి ఊరివాళ్ళను ఒప్పించాడు. పనికి వెళ్ళేముందు ఇంటివాళ్ళు నీళ్ళు పైకి చేదుకుని డ్రమ్ము నింపి పోయేవాళ్ళు. మామ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టు మీద కాసేపు నిలబడి ఎక్కేది. నేను చూడలేక తల తిప్పుకునేదాన్ని. పైకెక్కాక మాత్రం ఆమె వేరే మనిషి. ఇంకిపోయిన మడిలో చెంబుతో నీళ్ళు పోసేది, తెగిన గట్టును వేళ్ళతో మెత్తేది. ఒక స్లాబు దిగి ఇంకోటి ఎక్కేది.

మేనెల వచ్చింది. చుట్టూ పొలాలు నెర్రెలిచ్చాయి. ఒకరోజు కొలతలకని ఒక ఇంటి పైకెక్కి అలాగే నిలబడిపోయాను. చుట్టూ ఎక్కడా చుక్క నీరు లేదు. ఉన్న నీళ్ళన్నీ ఈ ఇళ్ళ నెత్తి మీదున్నాయి. ప్రతి కప్పు మీదా చిన్న చిన్న మడులు, వాటిలో ఆకాశం. పక్కింటి స్లాబు మీద కొంగలు వాలాయి. నాట్లేసే చేననుకున్నాయి పాపం. చేపలేమైనా ఉన్నాయేమోనని ముక్కులతో వెతుకుతున్నాయి. వాటి మధ్యలో మామ్మ నడుం వంచుకుని నీళ్ళు పోస్తోంది. కొంగలు ఆమెను చూసి బెదరలేదు. అంత అందమైన దృశ్యం నా జీవితంలో చూడలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది గాని ఏమని చెప్పాలో తెలియలేదు.

అన్ని ఇళ్ళూ అయ్యి మామ్మ ఇంటికి సెంట్రింగు బిగించారు. ఇనుము కట్టారు. అప్పుడు సిమెంటు ఆగిపోయింది.

మండలం గోడౌను ఖాళీ. కాలవలకు నీళ్ళు వదిలే రోజు దగ్గరపడుతోంది. బందరు పరుగెత్తాను. పై అధికారి మంచివాడే. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మీ మండలానికి ఇవ్వాల్సింది ఇచ్చేశామమ్మా. పైనుంచి డబ్బు రాలేదు, కంపెనీ వాళ్ళు సరుకు పంపడం లేదు. స్థానికంగా ఏమైనా..."

"స్థానికంగా వరి పండుతుందండీ, మినుములు పండుతాయి. సిమెంటు పండదు" అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను. గడువు పొడిగించమని అడిగితే అదీ తన చేతిలో లేదన్నాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మామ్మకు ఏమని చెప్పాలో తోచలేదు. ముందు వంతు తీసుకోమన్నానా లేదా అని దెప్పుదామన్నంత కోపం కూడా వచ్చింది. కాలనీకి వెళ్ళి ముఠా పెద్దకు ఉన్న మాట చెప్పేసి, గుడివాడ బస్సెక్కాను.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మామ్మ ఇంటిముందు సిమెంటు బస్తాలున్నాయి. ఇంకా వస్తున్నాయి కూడా. కొన్ని సైకిళ్ళ మీద, కొన్ని భుజాల మీద. స్లాబు పడ్డ ఇళ్ళకు గోడల ప్లాస్టింగు కోసం మేమిచ్చిన బస్తాలవి. ధాన్యం మీద కప్పే బరకాల్లో చుట్టి దాచుకున్నారు. బస్తా బస్తా నొక్కి చూశాను. ఒక్కటీ గడ్డకట్టలేదు.

"మరి మీ గోడలు?" అన్నాను.

"గోడలకేమొచ్చిందండీ, ఈ వానలకి ఇటుకలతోనే ఉంటాం. కాస్త జల్లు కొడుద్ది. మామ్మకి గట్టు మీద పాకే ఉండదు గదా" అంది ముఠా పెద్ద.

బస్తాలు లెక్కపెట్టాను, స్లాబుకు సరిపోతాయి. కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మామ్మ వచ్చి బస్తాలు చూసింది. వాటి మీద చెయ్యి వేసింది. తర్వాత దూరంగా వెళ్ళి గట్టు మీద కూర్చుంది.

"ఎవరియ్యి వాళ్ళు పట్టుకుపోండమ్మా" అంది.

"మామ్మా!"

"నేను పోసింది నీళ్ళేనే. మీరిచ్చేది సిమెంటు. సరికి సరి కాదు. ఈ బదులు నేను తీర్చలేను. ఇల్లు లేకపోతే లేకపోయింది. చచ్చిపోయే ముందు నన్ను బాకీలో పెట్టకండి."

నేను బతిమాలాను. కార్యదర్శి బతిమాలాడు. స్లాబుకు నీళ్ళెంత ముఖ్యమో నా ఇంజినీరు భాషలో చెప్పాను. మామ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మిల్లరు వాడు ఉండాలా పోవాలా అని అడుగుతున్నాడు. సముద్రం వైపు మబ్బు పట్టింది. అప్పుడు ముఠా పెద్ద వెళ్ళి మామ్మ ఎదురుగా నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. రెండు పొలాల అవతలికి వినిపించే ఆ గొంతు బాగా తగ్గిపోయింది.

"ఎండలో నెత్తి మాడ్చుకుని మా ఇళ్ళన్నీ కాసావు. ఆ బదులు మా మీద ఉందా లేదా? నువ్వు తీసుకోకపోతే మేం దాన్ని ఎక్కడ దింపుకోవాలి? బాకీతో పోవాలంటే నీకొక్కదానికేనా మామ్మా భయం? మాకుండదా?"

మామ్మ తల ఊపడం ఆపేసింది.  ఆ మాట ఆమెకు ఎప్పుడూ తట్టి ఉండదు. తన బదుళ్ళు లెక్కపెట్టుకున్న మనిషే గాని, తనకు ఎవరైనా పడి ఉంటారని అనుకున్న మనిషి కాదు. చివరికి చెయ్యి చాపింది. ముఠా పెద్ద ఆ చెయ్యి పట్టుకుని లేపింది.

ఆ రోజు నేను చెప్పులు విప్పి వరసలో నిలబడ్డాను. నా గమేళాలు సగం సగమే నింపి నవ్వుకున్నారు. మధ్యాహ్నం దాటాక నాలుగు చినుకులు పడ్డాయి. వెంటనే పదిమంది బరకాలు పట్టుకుని పైకెక్కి, తలల మీదుగా ఎత్తి నిలబడ్డారు. వాళ్ళ కింద మేస్త్రి కాంక్రీటు పరుస్తూనే ఉన్నాడు. మబ్బు అట్నుంచటే పోయింది. ఆఖరి గమేళా మామ్మ చేత పోయించారు. ఆమె దాన్ని మొయ్యలేదు, ఇద్దరు పట్టుకున్నారు. స్లాబు ఫోటో తీసి ఆ సాయంత్రమే కంప్యూటర్లోకి ఎక్కించాను. నీళ్ళు వదిలేలోపే ఇల్లు లెక్కలోకి ఎక్కింది.

తన స్లాబుకు నీళ్ళు తనే పోసుకుంటానని మామ్మ పట్టుబట్టింది. కాలవలో నీళ్ళు వచ్చేసరికి సెంట్రింగు విప్పారు. ఆమె ఇంట్లో చేరిపోయింది.

ఆ తర్వాత బందరు నుంచి పై అధికారి కాలనీ చూడటానికి వచ్చాడు. ప్లాస్టింగు లేని గోడలు చూసి, అవి ఎందుకలా ఉన్నాయో నేను చెబితే విని, నిజంగానే కదిలిపోయాడు. మామ్మతో ఫోటో దిగాడు. ఆ నెలలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఇంకా కిందికి, సముద్రం అంచున ఉప్పుకయ్యల దగ్గరున్న మరో రెండు కాలనీలు మా నెత్తిన పెట్టారు. ఈ కాలనీలో అదనపు నిధులు లేకుండానే పని పూర్తయింది గనక అక్కడా ఇదే పద్ధతి అనుసరించాలి అని రాశారు. సిమెంటు కోటా మునుపటి కంటే తగ్గించారు.

ఆ కాగితం పట్టుకుని ఎవరితో పోట్లాడాలో తెలియక కాలనీకి వెళ్ళాను. మామ్మ గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. నిధుల మాట, కోటా మాట ఆమె పట్టించుకోలేదు.

"అక్కడ కూడా ఒంటిగా ఉండేవాళ్ళున్నారాండీ?"

"ఉన్నారు మామ్మా. ఇక్కడికంటే ఎక్కువే."

"మరి అందరూ పనికెళ్తే వాళ్ళ స్లాబులకి నీళ్ళెవరు పోస్తారు?" చింతపండు పక్కకు జరిపి లేచింది. "ఆ ఊరికి బస్సు ఎప్పుడుందండీ?"

నాకు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. అదే క్షణాన బందరు వెళ్ళి ఎవరో ఒకరి చొక్కా పట్టుకోవాలనీ అనిపించింది. ఆమె అలా అడుగుతుందని ఆ ఉత్తర్వు రాసినవాళ్ళకు ముందే తెలుసేమోనని భయం కూడా వేసింది.

"పొద్దున్నే ఉంది మామ్మా" అన్నాను.